జానా బెత్తెడు తక్కువ

పెద్దమ్మ పోయిన నెలకు మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం ఆవిడ గది సర్దడానికి కూర్చున్నాం. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. కుట్టుమిషను, దాని సొరుగులో రెండు కత్తెరలు, ఒక డబ్బా నిండా వంపు సూదులు, బొటనవేలికి తొడుక్కునే తోలు తొడుగు, అరిగిపోయిన సుద్దముక్కలు. సొరుగు అడుగున, వెలిసిపోయిన పసుప్పచ్చ గుడ్డపేలికలో చుట్టి, చదరంగా కత్తిరించిన ఒక రేకు ముక్క ఉంది. అక్క దాన్ని తీసుకుని, చేతి వేళ్లు పక్కపక్కన ఆనించి కొలిచింది. ఐదు వేళ్లు పట్టాయి. ఆరు పట్టాలి. ఆ ఒక్క వేలి సంగతి నాకు తప్ప రాసేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

పెద్దమ్మ బస్సు డిపోలో సీట్లు కుట్టేది. ముప్పై ఆరేళ్లు అదే పని. చిరిగిన సీట్లు షెడ్డు మూలన గుట్టగా వచ్చి పడేవి. ఆవిడ పాత తొడుగు ఊడబీకి, లోపలి స్పాంజి సరిచేసి, కొత్త రెక్సిన్ కత్తిరించి, కుట్టి, బిగించి పంపేది. డిపోలో అందరికీ ఆవిడ సీట్లమ్మ. "ఊళ్లో సగం మందిని కూర్చోబెట్టింది నేనే, నాకు మాత్రం కూర్చునే తీరిక లేదు" అని నవ్వేది.

సీటు పని అందరూ అనుకునేంత తేలిక కాదు. తొడుగుని సీటు కొలత కంటే ఒక వేలి మందం తక్కువ కత్తిరించాలి. అప్పుడే లాగి బిగిస్తే ముడత పడకుండా కూర్చుంటుంది. సరిగ్గా కొలతకు కత్తిరించిన తొడుగు నెల తిరక్కుండా జారి, కూర్చున్నవాళ్లతో పాటు లేచి వస్తుంది. ఇంకో సంగతి ఏమిటంటే, రెక్సిన్‌లో సూది ఒకసారి దిగిందా, ఆ చిల్లు ఇక మూసుకోదు. కుట్టు తప్పిందని విప్పితే చిల్లుల వరస మిగిలిపోతుంది, వానాకాలంలో వాటిలోంచి నీళ్లు దిగి స్పాంజి కుళ్లుతుంది. అందుకని సీటు పనివాళ్లు కుట్టే ముందు ఎంతసేపైనా ఆలోచిస్తారు. కుట్టాక విప్పరు.

మేం ఆవిడ ఇంటికి వచ్చేనాటికి అక్కకు పదకొండు, నాకు ఎనిమిది, చెల్లికి ఐదు. ఆవిడ మా నాన్న అన్నగారి భార్య. పెదనాన్న పోయి అప్పటికే చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు, మాతో రక్తసంబంధమూ లేదు. అమ్మా నాన్నా ఒకే జ్వరంతో వారం తేడాలో పోయాక మేం మొదట బాబాయి ఇంట్లో ఉన్నాం, తర్వాత మామయ్య ఇంట్లో. రెండు చోట్లా చెడ్డవాళ్లెవరూ లేరు. రెండు చోట్లా "కొన్నాళ్లు" అనే మాట మాత్రం ఉంది. మామయ్య ఇంట్లో చివరి రోజుల్లో తలుపు చాటున ఇంకో మాట కూడా వినబడింది: చిన్నవాళ్లిద్దర్నీ ఉంచుకుని, పెద్దదాన్ని ఎక్కడో హాస్టల్లో వేస్తే ఎలాగోలా నెట్టుకురావచ్చని. అది విన్నానని అక్క ఎప్పుడూ అనలేదు. ఆ రోజు నుంచి మూట విప్పడం మాత్రం మానేసింది.

ఆ మూట గుడ్డ ఒకప్పుడు అమ్మ మంచం మీద పరిచిన దుప్పటి. పసుప్పచ్చది, మీద చిన్న చిన్న ఆకుల అచ్చు. మా ముగ్గురి బట్టలు, అమ్మ దువ్వెన, నాన్న కళ్లజోడు పెట్టె అన్నీ అందులోనే. ఏదైనా కావాలంటే అక్క పక్కనుంచి చెయ్యి దూర్చి తీసి, మళ్లీ ముడి బిగించేది. పెద్దమ్మ తన గోడ అలమరలో ఒక అర మాకోసం ఖాళీ చేసింది. అది ఖాళీగానే ఉండిపోయింది. ఆవిడ దాని గురించి ఒక్కమాట అడగలేదు. వారానికోసారి ఆ ఒట్టి అర దుమ్ము మాత్రం తుడిచేది.

ముగ్గురం ఒకే మంచం మీద పడుకునేవాళ్లం. విడిగా పడుకోమంటే చెల్లి ఇల్లు పీకి పందిరేసేది. ఉన్న కంబళి ఒకటే, అది తెల్లారేసరికి చెల్లి చుట్టూ చుట్టుకుపోయి ఉండేది. అక్క అంచున ముడుచుకుని, ఒక చెయ్యి మూట మీద వేసి పడుకునేది. చలి మొదలైన వారంలో, మొదటి డ్యూటీకి వెళ్తూ పెద్దమ్మ అది చూసింది. సాయంత్రం తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, "మీకో బొంత కుడతానే. ముగ్గురికీ ఒకటే. ఎవరూ లాక్కోవక్కర్లేనంత పెద్దది" అంది.

"మేముండేది కొన్నాళ్లేగా పెద్దమ్మా. అంత పెద్దదెందుకు?" అంది అక్క.

"కొన్నాళ్లైనా చలి చలే కదే" అని పెద్దమ్మ తువ్వాలు అందుకుంది.

మర్నాటికల్లా ఆ సంగతి డిపో అంతా పాకింది. డ్రైవర్లు పాత ఖాకీ ప్యాంట్లు తెచ్చారు. కండక్టర్లు నీలం చొక్కాలు తెచ్చారు. ఎవరో కిటికీ తెరలు, ఎవరో చిన్నపిల్లల గౌన్లు. బస్సుల రాకపోకలు రాసుకునే కంట్రోలర్ తన పెళ్లినాటి గులాబీరంగు చొక్కా తెచ్చి, ఇది వేసుకోవడానికి తనకేం అభ్యంతరం లేదని, పొట్టే ఒప్పుకోవడం లేదని చెప్పి ఇచ్చి వెళ్లాడట. పెద్దమ్మ అన్నిటినీ ఉతికి, ఆరేసి, రంగుల వారీగా గోనెసంచుల్లో కుక్కింది.

ఇంట్లో నాలుగు మూరల గుడ్డ పరిచే చోటు కూడా లేదు. అందుకని సెలవు రోజున ఫోర్‌మన్‌ని అడిగి షెడ్డు తాళం తీసుకుంది. సోమవారం పొద్దున్నకి తన షెడ్డు తనకి కావాలని, అందులో పేలికముక్క కనిపించినా ఊరుకోనని ఆయన బెదిరించాడు. మేం నలుగురం సంచులు మోసుకుంటూ వెళ్లాం. షెడ్డులో ఒక పాత బస్సు, డీజిల్ వాసన, ఒక పక్కంతా ఊడ్చి కడిగిన సిమెంటు నేల.

పెద్దమ్మ మమ్మల్ని ఆ నేల మీద పడుకోమంది. "మంచం మీద ఎలా పడుకుంటారో అలాగే. ఫొటో కాదు, సర్దుకోవక్కర్లేదు." చెల్లి కాళ్లూ చేతులూ నాలుగు దిక్కులకూ విసిరేసింది. నేను బోర్లా పడుకున్నాను. అక్క ఒక పక్కకి తిరిగి, కర్రలా బిగుసుకుని, అంచున పడుకుంది. పెద్దమ్మ సుద్దముక్కతో మా ముగ్గురి చుట్టూ గీత గీసుకుంటూ వచ్చి అక్క దగ్గర ఆగింది. చెయ్యి చాపి కొలిచింది. ఒక జాన, మీద ఒక బెత్తెడు. "ఇది పడుకోవడమా, బస్సు కోసం క్యూలో నిలబడటమా?" అని అడిగింది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

మా సుద్దబొమ్మలు మూడూ లోపలికి వచ్చేలా, రెండు పక్కలా కిందికి జారేంత వదిలి, పెద్ద చదరం గీసింది. నాలుగు మూరల వెడల్పు, ఐదు మూరల పొడవు. దాన్ని ఆరు వేళ్ల గళ్లుగా విడగొట్టింది. అడ్డంగా పదహారు, నిలువునా ఇరవై. ఆ గళ్లలో ఒక్కో పేలిక వేస్తూ పోయింది. కాగితం మీద బొమ్మ లేదు, లెక్క లేదు. సంచిలో చెయ్యి పెట్టడం, ఒకటి తీయడం, చూడటం, వేయడం. నాకది మతి లేని పనిలా అనిపించింది. ఖాకీ పక్కన నీలం, నీలం పక్కన బూడిద, ఎక్కడా ఒక పువ్వు లేదు, పక్షి లేదు.

అప్పుడు ఆవిడ బస్సు వెనకున్న ఇనుప నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. యాభై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. ఒక్కో మెట్టుకూ మోకాలికి ఏదో ఒక తిట్టు అందిస్తూ బస్సు నెత్తికెక్కి, సామాను కట్టే చట్రం మీద కూర్చుని, మమ్మల్నీ రమ్మంది. ఎక్కాం. కిందికి చూశాం.

ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేల మీద నిలబడి చూస్తే చింకిపాతల కుప్పగా కనిపించింది, అంత ఎత్తునుంచి చూస్తే కుప్ప కాదు. కాళ్ల వైపు చిక్కటి నీలం, నలుపు. దాని మీద ఖాకీ, మట్టిరంగు. ఇంకా పైకి వచ్చేకొద్దీ బూడిద, పలచటి నీలం, ఆ తర్వాత కంట్రోలర్ పెళ్లిచొక్కా గులాబీ, తల దగ్గరికి వచ్చేసరికి ఉతికి ఉతికి పాలిపోయిన తెలుపు. ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. చెల్లే ముందు అంది:

"తెల్లారుతోంది."

పెద్దమ్మ దాని నెత్తిన చెయ్యి వేసింది. ముప్పై ఏళ్లుగా మొదటి బస్సు గేటు దాటేవేళకు ఆవిడ డిపోలో ఉండేది. రోజూ చూసిన ఆ ఆకాశాన్ని పాత ప్యాంట్లలోంచి ఏరి తెచ్చి నేల మీద పరిచింది. చదువుకున్నది నాలుగో తరగతి. బొమ్మ గీయమంటే సీటు తప్ప గీయలేదు. ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, గొప్పవాళ్లు చేసిన గొప్ప పనులు కొన్ని చూశాను. అయినా మనిషి తల లోపల ఏముంటుందో ఎవరికీ తెలియదన్న సంగతి నాకు ఆ బస్సు నెత్తి మీదే మొదటిసారి తట్టింది.

ఆవిడకి మాత్రం తృప్తి లేదు. "అదిగో ఆ ఎర్రముక్క, పంటికింద రాయిలా" అంటూ దిగింది, మార్చింది, మళ్లీ ఎక్కింది. అలా ఎన్నిసార్లో. మధ్యాహ్నం దాటాక ఇరవై వరసలనూ విడివిడిగా ఎత్తి, ఒక్కో వరసకూ ఒక దారం గుచ్చి ముడివేసి, ఇంటికి తెచ్చాం.

ఆ సాయంత్రమే రేకు కత్తిరించింది. సీట్ల పనిలో ప్రతి కొలతకూ ఒక రేకు అచ్చు ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీస్తే అన్ని ముక్కలూ ఒకేలా వస్తాయి. మడతకు ఎంత వదలాలో చేతికే తెలుసు. ఒక పాత డబ్బా మూత మీద ఆరు వేళ్లు కొలిచి, కత్తెరతో టకటకా కత్తిరించింది. మేం పక్కనే కూర్చుని చూస్తూనే ఉన్నాం. ఏ తప్పూ కనిపించలేదు.

నెలన్నర పాటు డ్యూటీ నుంచి వచ్చి వరస తర్వాత వరస కుట్టింది. కుట్టింది కుట్టినట్టు చాపలా చుట్టేసేది. పరిచే చోటు లేదు కదా. ఇరవయ్యో వరస అతికిన రోజున, లోపల కంబళి, అడుగున దుప్పటి వేయబోయే ముందు, ఒకసారి మా మీద కప్పి చూస్తానంది. మేం ముగ్గురం మంచమెక్కాం. ఆవిడ ఆ చుట్ట తీసి ఒక విసురు విసిరింది. తెల్లవారుజాము మొత్తం మా మీద పడింది.

పొడవు సరిపోయింది, ఎలాగూ మేం పొట్టివాళ్లం. వెడల్పే, చెల్లి మీదుగా, నా మీదుగా వచ్చి అక్క దగ్గర ఆగిపోయింది. పెద్దమ్మ ఇటు లాగితే అటు చెల్లి బయటపడింది. రెండోసారి లాగింది. మూడోసారి లాగలేదు.

"ఇద్దరికి సరిపోయింది" అంది అక్క.

గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. ఎప్పటినుంచో తెలిసిన సంగతి ఇంకోసారి తెలిసినట్టు అంది. మంచం దిగి, మూట దగ్గరికెళ్లి, ముడి సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

పెద్దమ్మ సొరుగులోంచి రేకు తీసి వేళ్లు ఆనించింది. ఐదు. మళ్లీ ఆనించింది. ఐదే. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి ఆరు కొలిచి ఐదుకి కత్తిరించింది, తొడుగు బిగుతుగా రావాలని. ముక్కకో వేలు, పదహారు ముక్కలకు పదహారు వేళ్లు. అంటే ఒక జాన, మీద ఒక బెత్తెడు. సరిగ్గా అక్క పడుకునే వెడల్పు.

"నా చెయ్యి నీకు సీటు కుట్టిందే అమ్మడూ" అంది. అక్క తల తిప్పలేదు.

పక్కవాటాలో ఉండే టైలరమ్మ వచ్చి చూసి, దీనికింత దిగులెందుకు, పక్కన ఇంకో మూడు వరసలు అతికేస్తే చాలదా అంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"సీటు ఎప్పుడు చిరిగినా అంచునే చిరుగుతుంది. తర్వాత తెచ్చి కలిపిన ముక్క అంచున ఉందనుకో, ముందు ఊడేది అదే. కలిపితే నడిమధ్యన కలపాలి."

"సరే, మధ్యలో కుట్టు విప్పు మరి."

"విప్పితే చిల్లులు పడతాయి."

"గుడ్డకి చిల్లులేమిటి సీట్లమ్మా, ఒక్క ఉతుకుకి మూసుకుపోతాయి."

"ఏమో. నా చేతికి ఆ సంగతి తెలీదు" అని పెద్దమ్మ పెద్ద కత్తెర తీసింది. నెలన్నర పనిని మంచం మీద పరిచి, తల నుంచి కాళ్ల దాకా, నట్టనడుమ, ఒక్క దెబ్బకి చీల్చింది. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కత్తెర తెలుపులో బయలుదేరి, గులాబీ దాటి, నీలం దాటి, నలుపులో ఆగింది. అక్క అప్పుడు తల తిప్పి చూసింది.

ఇప్పుడు రెండు సగాల లాగుడూ ఓర్చుకునేలా, జానా బెత్తెడు వెడల్పున, బొంతంత పొడవున, అతుకు లేని ఒకే గుడ్డ కావాలి. సంచుల్లో మిగిలినవన్నీ పేలికలే. పెద్దమ్మ ఇల్లంతా కలయజూసి, వీధి తలుపుకున్న తెర తీసి కొలిచింది. చాల్లేదు. తన దుప్పటి తీసి వెలుతురుకి పట్టింది, జల్లెడలా ఉంది. ఆవిడ చూపు గదిలో అన్నిటి మీదా పడింది, ఒక్క మూట మీద తప్ప. పొరపాటున కూడా అటు చూడకూడదని ఆవిడ పడుతున్న పాట్లు ఎనిమిదేళ్లదాన్ని, నాకే కనిపించాయి. అక్కకి కనిపించకుండా ఉంటాయా.

"మా గుడ్డ వేస్తే, మేం వెళ్లేటప్పుడు విప్పి ఇచ్చేస్తావా?" అంది అక్క.

ఇచ్చేస్తానంటే ఆ పూటకి పని అయిపోయేది. పెద్దమ్మ కత్తెర పక్కన పెట్టి, అక్క ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఇవ్వలేనమ్మా. నాకు కుట్టడమే వచ్చు, విప్పడం రాదు. ఇచ్చావంటే ఇంక అది దీన్లోనే ఉంటుంది. నీకిష్టం లేకపోతే వద్దు, నేను ఇంకెక్కడన్నా వెతుకుతా."

నాలుగు రోజులు ఆ రెండు సగాలూ రెండు కుర్చీల వీపులకు వేలాడాయి. చెల్లి వాటి మధ్యలోంచి దూరి ఆడుకునేది. పెద్దమ్మ డిపోలో గుడ్డ కోసం అడుగుతూనే ఉంది. మళ్లీ అక్కని మాత్రం అడగలేదు. అక్క బడికి వెళ్లి వచ్చి, మూట పక్కన కూర్చుని, ముడి చివర్లు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేది. ఆ నాలుగు రోజులూ నేను దానితో మాట్లాడటానికే భయపడ్డాను.

ఐదో రోజు సాయంత్రం పెద్దమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పబోయి, గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ అలమరలో ఖాళీ అర నిండి ఉంది. కింద మా బట్టలు ముగ్గురివీ మూడు దొంతర్లు. నాన్న కళ్లజోడు పెట్టె. అమ్మ దువ్వెన మాత్రం పై అరలో, పెద్దమ్మ దువ్వెన పక్కన. కుట్టుమిషను మీద పసుప్పచ్చ దుప్పటి నాలుగు మడతలుగా ఉంది. ముడి వేసినచోట పడ్డ ముడతలు పోలేదు.

పెద్దమ్మ ఎవరినీ దగ్గరికి తీసుకోలేదు, కళ్లు తుడుచుకోలేదు. ఒక చెప్పు కాలికి ఉండగానే లోపలికి వచ్చి దుప్పటి విప్పి కొలిచింది. అచ్చు రేకు ముట్టుకోలేదు. చేత్తోనే జానలు వేసింది, మళ్లీ వేసింది. అక్కని పిలిచి దాని చేత్తో కూడా వేయించింది. అంతా అయ్యాక, సీటు పనివాళ్లు ఎన్నడూ చేయని పని చేసింది. పొడవులో నాలుగు వేళ్లు ఎక్కువ ఉంచి కత్తిరించింది. ఎక్కువైన దాన్ని కుట్టులో కొంచెం కొంచెంగా సర్దుకుంటూ పోయింది. అందుకే ఆ పట్టీ మిగతా బొంతలా చదునుగా ఉండదు, అక్కడక్కడా చిన్నగా ఉబ్బి ఉంటుంది. తెల్లవారే ఆకాశం మధ్యలో, నలుపు నుంచి తెలుపు దాకా, ఆకుల అచ్చుతో నిలువునా ఒక పసుపు దారి. టైలరమ్మ వచ్చి, గుమ్మంలో చాలాసేపు నిలబడి చూసి, సలహా ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోయింది. ఆవిడ అలా వెళ్లడం అదే మొదటిసారి.

మిగిలిన గుడ్డ నాలుగంచులకూ పట్టీగా పోగా, చేతిరుమాలంత ముక్క మిగిలింది. పెద్దమ్మ దాన్ని అక్కకు ఇచ్చింది. అక్క అటూ ఇటూ తిప్పి చూసింది. దాంతో దేన్నీ మూటకట్టలేం. కాసేపు చేతిలో పట్టుకుని, కుట్టుమిషను మీద పడ్డ నూలుపోగులు తుడిచి, మడిచి, సొరుగులో పెట్టింది.

మేం ఆ ఇంట్లోంచి వేరేచోటికి వెళ్లింది మా మా ఉద్యోగాలకే. బొంత మాతో రాలేదు, మేమే దాని దగ్గరికి వస్తూ పోతూ ఉన్నాం. పోయిన చలికాలం పెద్దమ్మ మంచం పట్టాక అది ఆవిడ మీదే ఉండేది. చూపు తగ్గిపోయింది. ఖాకీ ఏదో, నీలం ఏదో తెలిసేది కాదు. కానీ చెయ్యి మాత్రం పొద్దస్తమానం ఆ పసుపు పట్టీ మీద తిరిగేది, ఉబ్బిన చోటల్లా ఆగుతూ.

"ఇక్కడ ముడత పడిందే పెద్దదానా. బిగుతుగా కుట్టలేదు నేను" అంది ఒకరోజు. పక్కన కూర్చున్న అక్క ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"విప్పి సరిచెయ్యనా పెద్దమ్మా?"

"నీకు విప్పడం వచ్చా?"

"రాదు" అంది అక్క.